స్టాఫ్ రూమ్ తలుపు

గుండ్రటి పిడి చేతిలో తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఎటు తిప్పితే అటు, ఎంత తిప్పితే అంత, ఎన్నికల ముందు నాయకుడిలా ఎవరేమన్నా సరేనంటూ తిరిగింది గాని, తలుపు మాత్రం జరగలేదు. నాలుగుసార్లు తిప్పి ఐదోసారికి ఆవిడ ఆగింది. ఈ ఇంట్లో ఏ వస్తువైనా ఉన్నట్టుండి స్వేచ్ఛగా తిరగడం మొదలుపెట్టిందంటే దాని వెనక చిన్నవాడి చెయ్యి ఉంటుందని ఆవిడకి తెలుసు. వాడు పుట్టకముందు, అంటే ఐదున్నరేళ్ళ కిందట, వస్తువులు వాటి వాటి చోట్ల బుద్ధిగానే ఉండేవి.

"ఒరేయ్ చిన్నాడా, బాత్రూమ్ పిడికి లోపలివైపు ఒక స్క్రూ ఉండాలి కదరా?"

తలుపు అవతలనుంచి వాడి గొంతు. "ఉండేదమ్మా."

"ఇప్పుడెక్కడుంది?"

"నా మ్యూజియంలో. భద్రంగానే ఉందిలే. పేరు రాసి అంటించమంటే అన్నయ్యే రాయలేదు."

మ్యూజియం అంటే మంచం కింద బిస్కెట్ల డబ్బా. అందులో గడియారం ముళ్ళు రెండు, మిక్సీ కాలికుండే రబ్బరు బిళ్ళ ఒకటి, తాతయ్య కళ్ళజోడు తాలూకు చిన్న మేకు ఒకటి. ఆ మేకు లేని కళ్ళజోడుతో తాతయ్య వారం రోజులు తల పక్కకి వంచి పేపరు చదివి, మెడ పట్టేసిందని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, డాక్టరు వయసన్నాడు, ఇద్దరూ దాంతో తృప్తిపడ్డారు. ఇప్పుడు ఈ స్క్రూ. తప్పెవరిదంటే తనదే. ఏ వస్తువు ఎలా పనిచేస్తుందో విప్పి చూస్తేనే తెలుస్తుందర్రా అని పోయిన వారం సైన్సు పీరియడ్లో చెప్పింది తను, చెప్తున్నప్పుడు తన మాటకి తనకే ఒళ్ళు పులకరించింది. విప్పడం ఈ వారం, బిగించడం వచ్చే వారం అనుకుంది. సిలబస్‌ని అలా రెండు ముక్కలు చెయ్యకూడదన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, తడి నేల మీద నిలబడితే గాని తెలియలేదు.

సరే, కూర్చుందాం. బోర్లించిన బకెట్టు ఉండనే ఉంది. రోజూ ఈ వేళకి తను కూర్చునేది దాని మీదే. బడి అన్నాక స్టాఫ్ రూమ్ ఉండాలి కదా, ఈ బడికి హాలు తరగతి గది, వంటిల్లు ల్యాబు, సోఫా ఆటస్థలం, ఫ్రిజ్ తలుపు నోటీసు బోర్డు, స్టాఫ్ రూమ్ ఇది. పదకొండింటికి పావుగంట విరామం. పిల్లలకి కాదు, పిల్లలకి విరామం ఇస్తే కిటికీ తెర కిందికొస్తుంది, స్టాఫుకి. రక్తం వస్తేనే తలుపు కొట్టాలని నియమం పెట్టింది. పెట్టిన మొదటిరోజే చిన్నవాడు తలుపు కొట్టి, అమ్మా, రక్తం కొంచెం అయితే కొట్టొచ్చా, ఎంత కొంచెం అయితే కొట్టకూడదు, అని అడిగాడు. ఎవరిదిరా రక్తం అంటే, ఇంకా రాలేదు, ముందు తెలుసుకుందామని, అన్నాడు. ఆ పావుగంటలో ఆవిడ ఏం చేసేదంటే ఏమీ చేసేది కాదు. గోడ మీద పలకల్ని లెక్కపెట్టేది. అడ్డంగా పద్నాలుగు, నిలువుగా పంతొమ్మిది. లోకంలో మిగతా ఆడవాళ్ళు దీనికోసం కొండలెక్కి ధ్యానశిబిరాలకి వెళ్తారు.

ఇవాళ మాత్రం పలకల్ని లెక్కపెట్టడానికి రాలేదు. లోపలికి రాగానే తువ్వాలు మడతలోంచి కాగితం తీసింది. రెండు వీధుల అవతలి స్కూలు దరఖాస్తు. నిన్న కూరలకని వెళ్ళి, సందు చివర అటూ ఇటూ చూసి, ఏదో చెయ్యకూడని పని చేస్తున్నదానిలా తెచ్చుకుంది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి ఉద్యోగం, తల్లి ఉద్యోగం. తల్లి ఉద్యోగం దగ్గర గృహిణి అని రాయబోయి, ఉపాధ్యాయిని అని రాయబోయి, ఒక గీత గీసి వదిలేసింది. ఆ తర్వాతది ఏడో ప్రశ్న. పిల్లవాడు సొంతంగా చదవగలడా? అవును, కాదు, ఏదో ఒకటి ఉంచి రెండోది కొట్టివేయండి. కలం అక్కడే ఆగిపోయింది, అక్కడ ఆగిపోయినందుకే లేచి బయటికి పోదామనుకుంది, అందుకే పిడి తిప్పింది.

పెద్దవాడికి ఎనిమిదిన్నర. వాడికి చదవడం రాదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి ఆవిడ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మొదటి వాక్యం అందరికీ తెలుసు, రెండోది తన ఒక్కదానికే తెలుసు, అదైనా తెలిసి ఆరునెలలే. అప్పటిదాకా వాడు బ్రహ్మాండంగా చదువుతున్నాడనే అనుకుంది. చుట్టాలొస్తే, ఏదీ నాన్నా ఆ ఏనుగు కథ చదివి వినిపించు, అనేది. వాడు పుస్తకం పట్టుకుని గడగడా వినిపించేవాడు, పేజీ తిప్పాల్సిన చోట తిప్పేవాడు, చుట్టాలు నోళ్ళు తెరిచేవాళ్ళు, ఇంట్లోనే చదివిస్తున్నాం అని తను, గొప్పకి కాదన్నట్టు గొప్పగా చెప్పేది. ఆరునెలల కిందట ఒక మధ్యాహ్నం తను బట్టలు మడతపెడుతూ వింటోంది. "ఏనుగుకి జలుబు చేసింది. అడవిలో జంతువులన్నీ, ఒరేయ్ కాలు దించు, సోఫా చిరుగుతుంది, అడవిలో జంతువులన్నీ కంగారుపడ్డాయి," అని చదివాడు వాడు. సోఫా మీద ఎవరూ లేరు. ఎవరి కాలూ పైన లేదు. ఆ పేజీ తను మొదటిసారి చదివి వినిపించినప్పుడు చిన్నవాడి కాలు సోఫా చేతి మీద ఉంది. అదీ సంగతి. వాడు పుస్తకాన్ని చదవట్లేదు, అమ్మని చదువుతున్నాడు, అక్షరం పొల్లుపోకుండా, చివరికి పద్దెనిమిదో పేజీలో తను దగ్గిన దగ్గుతో సహా.

ఆ రాత్రి మొగుడికి చెబుదామనుకుంది. మొగుడు ఊళ్ళో పిల్లలందరి పరీక్షలకీ ప్రశ్నపత్రాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు చూస్తాడు. గేటు దగ్గరే ఫోను లాక్కుని, చెప్పులు విప్పించి, సాయంత్రం ఆరింటిదాకా మనిషిని బయటికి వదలని ప్రెస్సు. ఆయన కంట్లో తప్పు పడకుండా పోవడం కష్టం. పెళ్ళిపత్రికలొస్తే అక్షింతలకి ముందు ఎర్రపెన్సిలు తీస్తాడు, మందు సీసాల మీది కాగితాలు దిద్దుతాడు, తను రాసిన సరుకుల చీటీలో ఒత్తు దిద్ది, దిద్దిన చీటీ కొట్టుకి పంపిస్తాడు. వంద గజాల దూరంలో బోర్డు మీద పోయిన కామా కనబడే మనిషికి పక్కలో పడుకున్న కొడుకు కనబడలేదు. అలా చెబితే ఆయన మొహం ఎలా అయిపోతుందో ఊహించుకుని, రేపు చెబుదాంలే అనుకుంది, ఆ రేపు ఆరునెలలుగా వస్తూనే ఉంది. ఈలోగా వాడితో అక్షరాలు రవ్వలో రాయించింది, వీపు మీద వేలితో రాసి కనుక్కోమంది, గుమ్మాలకీ కుర్చీలకీ కాగితాలంటించింది. కుర్చీ మీద కాగితం చూపిస్తే కుర్చీ అనేవాడు. చదివి కాదు, కుర్చీ కనబడుతోంది కదా.

"అమ్మా, ఇంకా వస్తావా రావా?" పెద్దవాడి గొంతు.

"వస్తాన్రా. స్టవ్ ఆపే వచ్చాను కదా? ఆ, ఆపాను. నా ఫోన్ తీసి నాన్నకి చెయ్యి."

చేశాడు. ఆయన ఫోను ప్రెస్సు గేటు దగ్గర లాకర్లో ఉంది, లాకరు పలకదు. ఆ సంగతి తెలిసీ చెయ్యమంది, ఆపదలో మొగుడికి ఫోను చెయ్యడం ఒక పద్ధతి. "అయితే వడ్రంగికి చెయ్యి నాన్నా, మొన్న బీరువా బాగుచేశాడు చూడు, ఆయనకి."

"వడ్రంగి తాతకి ఫోటో లేదమ్మా."

"ఫోటో ఎందుకురా? పేరుంటుంది చూడు. 'వ' దగ్గర."

ఫోన్లో అందరికీ ఫోటోలు పెట్టింది వీడే. అమ్మమ్మకి, బాబాయికి, పాలాయనకి కూడా, ఒక ఆదివారమంతా కూర్చుని పెట్టాడు, ఎంత ఓపికో వీడికి అని తను మురిసిపోయింది. ఓపిక కాదు. కుంటివాడు కర్ర చెక్కుకున్నట్టు చెక్కుకున్నాడు.

"ఛార్జింగ్ అయిపోయిందమ్మా," అన్నాడు వాడు.

పొద్దున ఎనిమిదింటి నుంచి ఆ ఫోను ఛార్జింగులోనే ఉంది. వాడు అబద్ధమాడటం ఆవిడ ఇదే వినడం. చిన్నవాడు గంటకో అబద్ధం ఆడతాడు, వాడివి అబద్ధాల్లా ఉండవు, వార్తల్లా ఉంటాయి. వీడిది మాత్రం నెమ్మదిగా, జాగ్రత్తగా, కింద పడితే పగులుతుందన్నట్టు పెట్టిన అబద్ధం. అయితే వీడికీ తెలుసన్నమాట. తనొక్కదానికే తెలుసనుకుంది, కాదు, ఇద్దరూ ఒకే రహస్యాన్ని చెరోవైపు నుంచి పట్టుకుని, రెండోవాళ్ళకి తెలియకూడదని మోస్తున్నారు.

స్కూల్లో వేసుంటే? మొదటి ఏడే ఎవరో కనిపెట్టేవారు. కనిపెట్టి ఏం చేసేవారు, వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. లేక ముందు బెంచీలో కూర్చోబెట్టి పద్ధతిగా నేర్పేవారేమో. ఏమో. ఇద్దర్నీ ఇంట్లో ఎందుకు ఉంచుకుంది తను? పిల్లల స్వేచ్ఛ, సృజన, ఇంకా ఏవేవో, అడిగినవాళ్ళకి చెప్పడానికి నాలుగు వాక్యాలు తయారుగా ఉండేవి. నిజం ఏమిటంటే, పెద్దవాణ్ణి మొదటిరోజు పసిపిల్లల బడిలో దింపితే వాడు గేటు ఊచలు పట్టుకుని, ఏడవకుండా, తనవైపే చూశాడు. ఏడిస్తే వదిలేసి వచ్చేదే.

"అమ్మా, నాన్న ఫైల్లో ఈ తాళం కాగితం ఉంటుందా?" వాడే అడిగాడు మళ్ళీ.

ఉంటుంది. ఆయన ఫైల్లో లేని కాగితం లేదు. పదేళ్ళ కిందట పోయిన ఇస్త్రీపెట్టె వారంటీ కూడా ప్లాస్టిక్ కవర్లో చల్లగా ఉంది. అన్నీ ఎర్రపెన్సిలుతో దిద్ది ఉంటాయి, కంపెనీవాళ్ళు ఎప్పుడైనా వచ్చి అడిగితే చూపించడానికి. "ఉంటుంది నాన్నా, తలుపు పిడి బొమ్మ ఉంటుంది చూడు దాని మీద. తెచ్చి తలుపు కిందనుంచి తోసెయ్, నేను చూసుకుంటాను." నిమిషంలో తెచ్చాడు. బొమ్మలయితే వాడికి తిరుగులేదు. కానీ తోస్తే రాలేదు. తలుపు అడుగున ఈయన మొన్న రబ్బరు బద్ద బిగించాడు, బొద్దింకలు రాకుండా. బిగించి, చేతులు దులుపుకుని, ఇక బొద్దింకే కాదు, దాని ఆలోచన కూడా లోపలికి రాదు, అన్నాడు. ఇల్లు కట్టినంత గర్వపడ్డాడు. కాగితం మూల ఒకటి రబ్బరుకి తగిలి ముడుచుకుపోతున్న చప్పుడు వినిపించింది. చిన్నవాడు స్క్రూ తోద్దామని చూశాడు. అదీ రాలేదు. ఏదైనా ఒక పని ఆయన సరిగ్గా చేసింది జీవితంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

పైన వెంటిలేటర్లోంచి మాటలు వినిపించాయి. ఎదురు ఫ్లాటు హెడ్మిస్ట్రెస్‌గారు. రిటైరై ఏడేళ్ళయింది, గొంతు ఇంకా రిటైరవలేదు. కుండీలకి నీళ్ళు పోస్తూ మొక్కల్ని వరసలో నిలబెడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు. వడ్రంగి, ప్లంబరు, అవసరమైతే ఫైరింజను, అరగంటలో అందర్నీ పిలిపించి, వచ్చినవాళ్ళ చేత చేతులు కట్టించి నిలబెట్టగలదు. కానీ ఆవిడ లోపలికొస్తుంది. వచ్చి ఊరుకోదు. మెట్ల మీద కనబడ్డప్పుడల్లా, "ఏమ్మాయ్, ఇవాళ కూడా సెలవేనా మీవాళ్ళకి?" అంటుంది. పోయిన నెల ఇంకో మెట్టు దిగి, "నీ చదువు సంగతి నాకెందుకు గానీ, పెద్దాణ్ణి నా ముందు ఒక్క పేజీ చదవమను. కొత్త పేజీ సుమా. నా పుస్తకంలోది," అంది. ఆరోజు గ్యాస్ మీద పాలున్నాయని చెప్పి పారిపోయింది తను. తర్వాత రోజూ ఏదో ఒకటి పొంగుతూనే ఉంది ఇంట్లో. మెట్ల మీద ఇంతగా పొంగిపోయే వంటిల్లు ఈ భవనంలో ఇంకోటి లేదు.

బకెట్టెక్కింది. వెంటిలేటరు దాకా మొహం వచ్చింది. ఆరింటిదాకా ఇద్దరు మగపిల్లల్ని ఒంటరిగా వదిలి, తను బాత్రూములో పరువు కాపాడుకుంటూ కూర్చుంటే అది పరువవుతుందా? పోనీ. వస్తుంది, చదవమంటుంది, వాడు నిలబడిపోతాడు, ఆవిడ తనవైపు తిరిగి ఒక్క మాటా అనకుండా చూస్తుంది, వీధంతా తెలుస్తుంది, ఈయనకీ తెలుస్తుంది, ఏడో ప్రశ్నకి రెండు మాటల్లో ఒకటి కొట్టేస్తుంది తను, సోమవారం నుంచి వీళ్ళు బూట్లు వేసుకుని వెళ్తారు. అయిపోతుంది. అదీ ఒక సుఖమే. నోరు తెరిచింది, "టీచ—"

"అమ్మా, టీచరమ్మని పిలవకు."

"ఎందుకురా?"

"ఊరికే."

ఆ ఊరికే విన్నాక మిగతా కేక మానేసింది. బకెట్టు దిగింది. కూర్చుంది. ఫర్లేదు నాన్నా, ఇంకో ఉపాయం చూద్దాంలే, అంది, ఉపాయమేదీ లేకుండానే. అడుగులు దూరమైనట్టనిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇద్దరు మగపిల్లలున్న ఇంట్లో చప్పుడుంటే తల్లి తిట్టుకుంటుంది, లేకపోతే తల్లి ప్రాణాలు పోతాయి. కుర్చీ జరగలేదు, ఏదీ పగల్లేదు, చిన్నవాడు కూడా మాట్లాడట్లేదు. కిటికీకి గ్రిల్లుంది. కత్తులు పై అరలో ఉన్నాయి. పై అర వాళ్ళకి అందదు. చిన్నవాడికి అందుతుంది. ఆవిడ లేచి తలుపుకి చెవి ఆనించింది. చల్లగా ఉంది తలుపు. పెయింటు వాసన.

దగ్గర్లోనే, తలుపుకి అవతల, నేల దగ్గర్నుంచి, ఒక గొంతు.

"అ... అత్... అత్య... వ... వస... అత్యవసర..."

ఆవిడకి మొదట అర్థం కాలేదు.

"ఏంట్రా అన్నయ్యా అది?" చిన్నవాడు గుసగుసగా.

"ఉండరా, పోతుంది. అత్యవసర... ప... పరి... పరిసి... కాదు, పరిస్థి... తిలో."

ఎక్కడ విన్నాడు వీడు ఈ మాట? ఎవరు చదివి వినిపించారు? మనసు ఆత్రంగా వెనక్కి పరిగెత్తింది. టీవీలోనా, ఈయన ఎప్పుడైనా? లేదు, ఈయన పెదవులు కదపకుండా దిద్దుతాడు, పదిహేనేళ్ళ కాపురంలో ఆయన పైకి చదవగా విన్నదే లేదు. తాళం కాగితాన్ని ఈ భూమ్మీద ఏ తల్లీ ఏ పిల్లాడికీ నిద్రపుచ్చడానికి చదివి ఉండదు. "బ... య... ట... వైపు... పి... డి... మ... మజ్... మధ్య." ఏనుగు కథ వాడు గుటక వెయ్యకుండా అప్పజెప్పేవాడు. ఇదేమో పాత బండి ఎత్తెక్కినట్టు ఎక్కుతోంది, ఆగుతోంది, వెనక్కి జారుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. ప్రతి తప్పూ తలుపులోంచి చెవిలోకి స్పష్టంగా వస్తోంది. ఆవిడ ఒక్కటీ దిద్దలేదు. చేత్తో నోరు మూసుకుంది, దిద్దుతానేమోనని. ఇంత తప్పుల తడకగా చదివినవాడు కంఠతా పట్టి చదవడం లేదు. ఇలా తడబడాలంటే అక్షరాలు కనబడాలి. ఇంకో తప్పు చదవరా నాన్నా, ఇంకొకటి, అనుకుంది లోపల, దండాలు పెట్టుకుంటున్నదానిలా. "మధ్యలో ఉన్న... చిన్... చిన్న మూ... త. మూత!" అని అరిచాడు వాడు. "మూతరా! ఇదే! గోకు!"

గోరుతో గోకిన చప్పుడు. ఏదో ఊడి నేలమీద పడి దొర్లిన చప్పుడు. అది తిన్నగా ఎవరి జేబులోకి వెళ్ళిందో ఆవిడకి చూడకుండానే తెలుసు.

"నా... ణెం. నాణెం అం... చు. నాణెం కావాలమ్మా! పెట్టి... ఎ... డ... మ... కు... తిప్... తిప్ప... వలెను." ఒక్క క్షణం ఆగాడు. "అమ్మా, ఎడమంటే ఏ చెయ్యి?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకే తోవలో ఎదురుపడ్డాయి, ఏదో ఒకటి పక్కకి జరిగేదాకా మాట రాలేదు. ఆరునెలలుగా రవ్వలో అక్షరాలు దిద్దించింది గాని ఎడమా కుడీ చెప్పడం మర్చిపోయింది. "నువ్వు బొమ్మలు వెయ్యని చెయ్యి నాన్నా."

"వాడు రెండు చేతుల్తోనూ వేస్తాడు కదమ్మా," అన్నాడు చిన్నవాడు.

"అయితే రెండు వైపులా తిప్పి చూడండిరా!"

టక్కుమంది. తలుపు లోపలికి వచ్చింది, తలుపుతో పాటు చిన్నవాడూ వచ్చాడు, దానికి ఆనుకునే మ్యూజియం నాణెం తిప్పుతున్నాడు కాబట్టి. హాల్లో వెలుతురు కాళ్ళమీద పడింది. పెద్దవాడు నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు, మోచేతులు ఎర్రగా కంది ఉన్నాయి, నుదుటి మీద చెమట, ఎదురుగా నలిగిన కాగితం, వేలు ఇంకా ఆఖరి మాట కిందే ఉంది. ఆ వేలు తీస్తే మాట లేచిపోతుందన్నట్టు అలాగే ఉంచాడు. వాడి మొహంలో గెలిచినవాడి సంతోషం లేదు, పెద్ద బరువు దింపి ఊపిరి తీసుకుంటున్న కూలివాడి అలుపు ఉంది. ఆవిడ వాణ్ణి ముద్దుపెట్టుకోలేదు. పెట్టుకుంటే వాడికి అంతా తెలిసిపోతుంది, ఆరునెలల సంగతి కూడా. ఊరికే వచ్చి గడప మీద కూర్చుంది, రోజూ ఇలాగే తలుపు తెరిపించుకుని బయటికొస్తున్నట్టు. ఆరునెలలుగా ఛాతీ మీద ఎవరో కూర్చుని ఉన్నారు, ఇప్పుడు లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

"ఇంకా ఉందమ్మా కింద," అన్నాడు వాడు కాగితంలోకి చూస్తూ. "అవసరం లేదు కదా? తలుపొచ్చేసింది కదా?"

"ఉంటే చదువు. సగంలో ఆపకూడదు."

వాడు వేలు కిందికి జరిపాడు. "వా... రం... టీ. వారంటీ. తా... ళాన్ని... విని... వినియో... గ... దారు... డే... విప్... విప్పి... నచో... వారంటీ... చెల్... చెల్లదు." తలెత్తాడు. "వినియోగదారుడంటే ఎవరు?"

చిన్నవాడు జేబు మీద చెయ్యి వేసుకుని, అమ్మవైపు చూసి, అన్నవైపు చూశాడు.

"వీడికి చదవడం రాదమ్మా. అక్కడలా లేదు. తప్పు చదివాడు."

"అవునా? అయితే మళ్ళీ చదవరా," అంది ఆవిడ, గోడకి ఆనుకుని కాళ్ళు బారజాపుకుంటూ. "మొదట్నుంచీ."